డిగ్రీ తర్వాత ప్రకృతి వనరుల సంరక్షణ చదవాలని ఉంది: కడపా, అనంతపురమా?

జొన్నచేను

అందరికీ నమస్కారం. మాది నందికొట్కూరు దగ్గర ఒక పల్లె. కర్నూలులో బోటనీ మేజర్‌గా, జువాలజీ మైనర్‌గా డిగ్రీ చివరి సంవత్సరం చదువుతున్నాను. పీజీ సెట్ రాసి కడప యోగి వేమన విశ్వవిద్యాలయంలో ఎన్విరాన్‌మెంటల్ సైన్స్ తీసుకోవాలా, అనంతపురం శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయంలో బోటనీలోనే కొనసాగాలా అన్నది తేలడం లేదు. లక్షలు కట్టి చదివే స్థోమత మాకు లేదు కాబట్టి ప్రభుత్వ విశ్వవిద్యాలయం తప్ప వేరే దారి ఆలోచించడం లేదు.

ఈ చదువు మీద మనసు పోవడానికి కారణం రోళ్లపాడు. తన చిన్నతనంలో బట్టమేక పిట్టలు (గ్రేట్ ఇండియన్ బస్టర్డ్) మా చేల దాకా వచ్చేవని మా నాయన చెబుతారు, నేను మాత్రం ఒక్కసారి కూడా చూడలేదు. 1988లో ఆ పిట్ట కోసమే అక్కడ అభయారణ్యం ప్రకటించారు. బోర్డు మీద బొమ్మ ఉంది, గడ్డిలో పిట్ట లేదు. ఇప్పుడు అక్కడి నుంచి వచ్చేవి కృష్ణజింకలు. అవి శనగ మొలకలను మేసిపోతుంటే మా నాయన చలిలో చేను కాడే పడుకుంటున్నారు. నేను ఏమి చదవాలనుకుంటున్నానో చెప్పినప్పుడు, "జింకలను కాపాడే చదువు చదివి నా చేను మేపిస్తావా?" అని అడిగారు. నా దగ్గర జవాబు లేదు. ఏ కోర్సు మంచిదన్న ప్రశ్నతో పాటు, ఆయనకు జవాబు చెప్పగలిగే చదువు ఎక్కడ దొరుకుతుందన్న ప్రశ్న కూడా మీ ముందు పెడుతున్నాను.

పెన్నేటిగట్టు

నేను ఎన్విరాన్‌మెంటల్ సైన్స్‌లో ఎమ్మెస్సీ చేసి, పర్యావరణ అనుమతుల నివేదికలు తయారుచేసే సంస్థలో పనిచేస్తున్నాను. ఈ కోర్సులో నీరు, గాలి, మట్టి పరీక్షలు, కాలుష్య నియంత్రణ, చట్టాలు, పర్యావరణ ప్రభావ అంచనా, కొంత రిమోట్ సెన్సింగ్ (ఉపగ్రహ చిత్రాలతో నేలను పరిశీలించడం) ఉంటాయి. సంరక్షణ అనే మాటకు మీరు అడవి, జంతువు అని అర్థం చెప్పుకుంటే మాత్రం, దానికి కేటాయించే భాగం మీరు ఊహించినంత ఉండదు. ఉద్యోగాల విషయానికి వస్తే సిమెంటు కర్మాగారాలు, గనులు, సౌర విద్యుత్ ప్రాజెక్టులు ఉన్న జిల్లాలు మనవి కాబట్టి, కన్సల్టెన్సీలలోనూ ప్రయోగశాలలలోనూ పని దొరుకుతుంది. మొదటి రెండేళ్ల జీతం చెప్పుకోదగినది కాదు.

నేను చదివిన చోటు పేరు చెప్పను. లోహాలను కొలిచే యంత్రం నేను చేరినప్పుడు మరమ్మతులో ఉంది, నేను బయటికి వచ్చినప్పుడూ మరమ్మతులోనే ఉంది. ఆ యంత్రం పనిచేసే విధానాన్ని బొమ్మ గీసి పరీక్షలో రాసి మంచి మార్కులు తెచ్చుకున్నాను. మీరు చేరబోయే విభాగానికి ఒకసారి స్వయంగా వెళ్లి, ఏ యంత్రాలు పనిచేస్తున్నాయో రెండో సంవత్సరం విద్యార్థులను అడిగి తెలుసుకోండి. వెబ్‌సైటులోని జాబితాను నమ్మకండి.

నడక ఉద్యోగి

అటవీశాఖలో పనిచేస్తున్నాను. అమ్మా, కోర్సు సంగతి పక్కన పెట్టి ముందు ఒక విషయం గట్టిగా పట్టుకోండి. కేంద్ర ప్రభుత్వపు ఇండియన్ ఫారెస్ట్ సర్వీసు పరీక్షకు అర్హత మీ డిగ్రీని బట్టి వస్తుంది, పీజీని బట్టి కాదు. పశుసంవర్ధక పశువైద్య శాస్త్రం, బోటనీ, కెమిస్ట్రీ, జియాలజీ, గణితం, ఫిజిక్స్, స్టాటిస్టిక్స్, జువాలజీలలో కనీసం ఒకటి డిగ్రీలో చదివి ఉండాలి, లేకపోతే వ్యవసాయం, ఫారెస్ట్రీ, ఇంజినీరింగులలో ఒక పట్టా ఉండాలి. ఆ జాబితాలో ఎన్విరాన్‌మెంటల్ సైన్స్ లేదు. పర్యావరణం పేరు మీద ఉన్న డిగ్రీయే అడవి ఉద్యోగానికి దగ్గరి దారి అనుకొని, మిగిలిన సబ్జెక్టులు వదిలేసి చేరి, చివరికి దరఖాస్తు పెట్టుకునే వీలు లేక చింతించిన పిల్లలను చూశాను. మీకు బోటనీ ఉంది కాబట్టి ఆ భయం లేదు. 2023–24 నుంచి మన రాష్ట్రంలో డిగ్రీలు ఒకే మేజర్ పద్ధతికి మారాయి కాబట్టి, ఇంటర్ ముగించి ఇది చదువుతున్న తమ్ముళ్లు, చెల్లెళ్లు మేజర్ ఎంచుకునే ముందే ఈ సంగతి చూసుకోవాలి.

ఇంకొకటి, అదే పరీక్షలో ఎంపిక సమయంలో నాలుగు గంటల్లో మగవారు 25 కిలోమీటర్లు, ఆడవారు 14 కిలోమీటర్లు నడవాలి. రాత పరీక్షకు మూడేళ్లు చదివి, నడకకు మూడు వారాలు కూడా సాధన చేయనివారు ఉంటారు. చేను చుట్టూ తిరిగే అలవాటు మీకు ఉంటుంది కాబట్టి ఆ విషయంలో మీరే మేలు.

ఎర్రమట్టి

అనంతపురంలో బోటనీలో పరిశోధన చేస్తున్నాను. నా సలహాలో పక్షపాతం ఉంటుందని ముందే ఒప్పుకుంటున్నాను. చెట్టు పేరు తెలియనివారు అడవిని గురించి రాసే నివేదికలు నేను చాలా చదివాను. వాటిలో "పొదలు, గడ్డి" అని రెండు మాటలతో పేజీ ముగుస్తుంది. ప్రపంచంలో ప్రధానంగా శేషాచలం, పాలకొండలు, లంకమల, వెలికొండలలోనే సహజంగా పెరిగే ఎర్రచందనం మన గడప ముందు ఉంది. 1995 నుంచి దాని అంతర్జాతీయ వ్యాపారం, ముప్పులో ఉన్న జీవజాతుల వ్యాపారాన్ని అదుపు చేసే సైటీస్ అనే దేశాల ఒప్పందపు రెండవ అనుబంధం కింద నియంత్రణలో ఉంది. దుంగల పట్టివేత వార్తలు రోజూ చదువుతాం. ఆ చెట్టు మొలక ఏ నేలలో నిలుస్తుంది, మేత ఎక్కువైన చోట ఎన్ని మొలకలు మానులవుతాయి అన్న ప్రశ్నలు అడిగేవారు తక్కువ. ఆ ప్రశ్నలకు కావలసింది యంత్రం కాదు, తాడు, టేపు, నోటు పుస్తకం, వృక్షజాతులను గుర్తించే కన్ను. ఆ కన్ను బోటనీ ఇస్తుంది.

కలివికోడి (జెర్డన్స్ కోర్సర్) కథ మీరు వినే ఉంటారు. 1900 ప్రాంతం తర్వాత దాని జాడ దొరకక, అంతరించిందనుకున్న పిట్ట 1986లో లంకమల అంచున, రెడ్డిపల్లె దగ్గర మళ్లీ కనిపించింది. బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ పరిశోధకులు వెతికారు కానీ, దాన్ని చూపించింది ఆ చుట్టుపక్కల పొదలు తెలిసిన స్థానికులే. రాత్రి తిరిగే పిట్ట కాబట్టి పగలు దుర్భిణి పెట్టుకొని తిరిగితే లాభం లేదు. తర్వాతి పరిశోధకులు పొదల మధ్య మెత్తటి మట్టి పట్టీలు పరిచి, తెల్లవారాక వాటి మీద పడిన కాలి ముద్రలను చూసి అది ఎక్కడ తిరుగుతున్నదో కనుక్కున్నారు. వారు తేల్చిన విషయం ఇంకా విలువైనది. హెక్టారుకు 300 నుంచి 700 దాకా పెద్ద పొదలు ఉండి, చిన్న పొదలు మరీ దట్టంగా లేని చోట ఆ పిట్ట ఉండే అవకాశం ఎక్కువ. అంటే దట్టమైన అడవీ దానికి పనికిరాదు, నరికి చదును చేసిన నేలా పనికిరాదు. గొర్రెలూ మేకలూ కొంత మేసి, కట్టెలు కొంత కొట్టి, మనుషులు మితంగా వాడుకున్న చిట్టడవి దానికి ఇల్లు. మేత పూర్తిగా ఆపినా చెడుతుంది, మితిమీరినా చెడుతుంది. మీ నాయన ప్రశ్నకు జవాబు ఈ చోట ఎక్కడో ఉందని నా అనుమానం.

పొలంకాడ

నేను చదువుకున్నది పదో తరగతి దాకా. మా అబ్బాయి ఫోనులో ఈ చర్చ చూపించి, నేను చెప్పింది రాస్తున్నాడు. పైన చెప్పిన వారందరూ మంచి మాటలే చెప్పారు. అయితే కాపాడడం మీ వంతు, కాపలా కాయడం మా వంతు అన్నట్టు ఉంది వ్యవహారం. జింకలు పంట తిన్నాయని నేను రెండేళ్ల కిందట అర్జీ పెట్టుకున్నాను. ఫొటో తెమ్మన్నారు, రాత్రి పూట నా ఫోనులో వచ్చిన ఫొటోలో నల్లటి చీకటి తప్ప ఏమీ లేదు. ఏ ఆఫీసు అన్నది ఇక్కడ వద్దు, మనుషులు మంచివారే, కాగితం మంచిది కాదు.

బట్టమేక పిట్ట గురించి నాకు తెలిసింది చెబుతాను. అది మా మెట్ట చేలలో, జొన్న, కొర్ర మోళ్లలో మిడతలు ఏరుకు తిని బతికింది. మేము దాని కోసం ఏమీ చేయలేదు, దాన్ని చెడగొట్టనూ లేదు. కాలువ నీళ్లు వచ్చినాక ఎవరు కొర్ర వేస్తారు? పత్తి వేశాము, మిరప వేశాము, మందు కొట్టాము, మిడత పోయింది. నీళ్లు వద్దని నేను అనను, ఆ నీళ్లతోనే మా అబ్బాయి చదువుతున్నాడు. కానీ కంచె లోపలి గడ్డిని కాపాడితే పిట్ట నిలుస్తుందని అనుకున్నవారు, అది కంచె బయట మా చేలలో కూడా బతుకుతుందని ఎందుకు లెక్కలో పెట్టుకోలేదు?

జొన్నచేను

పొలంకాడ గారూ, మీ మాట చదివి మా నాయనే రాశారా అనిపించింది. బట్టమేక ఒక్క ఈతకు సాధారణంగా ఒక్క గుడ్డే, అదీ గూడు లేకుండా నేల మీదే పెడుతుందని చదివాను. అలాంటి పిట్ట గుడ్డు మీద కూర్చున్న చోట ఏడాదికి రెండు పంటలు, ట్రాక్టరు వస్తే ఎలా నిలుస్తుంది? ఎర్రమట్టి గారూ, నేను పీజీ ప్రాజెక్టుగా రోళ్లపాడు లోపలే పని చేయవచ్చా?

నడక ఉద్యోగి

చేయవచ్చు, కానీ 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం 28వ సెక్షన్ ప్రకారం అభయారణ్యంలో ప్రవేశించి పరిశోధన చేయడానికి అనుమతి తీసుకోవాలి. విభాగాధిపతి సంతకంతో దరఖాస్తు పెట్టి, అది పైకి వెళ్లి తిరిగి వచ్చేసరికి మీ నాలుగో సెమిస్టరు ముగింపుకు వస్తుంది. చట్టం అనవసరమని నేను అనడం లేదు. ఆరు నెలల ప్రాజెక్టుకు అభయారణ్యం సరిపడే చోటు కాదని చెబుతున్నాను. తప్పనిసరి అనుకుంటే మొదటి సెమిస్టరులోనే దరఖాస్తు పెట్టించండి.

చెరువు మాస్టారు

భూగోళ శాస్త్రం బోధించి పదవీ విరమణ చేసినవాడిని. ఇంతవరకు చర్చంతా వృక్షాలు, జంతువుల చుట్టూ తిరిగింది. ప్రకృతి వనరులు అన్నప్పుడు మన సీమలో మొదట రావలసిన మాట నీరు. అనంతపురంలో ఏడాదికి కురిసేది సుమారు 550 మిల్లీమీటర్లు, అది కూడా ఎప్పుడు కురుస్తుందో తెలియదు. ఇలాంటి చోట వనరుల నిర్వహణ కొత్తగా పుట్టిన శాస్త్రం కాదు. కడప జిల్లా పోరుమామిళ్ల చెరువు దగ్గర 1369 నాటి విజయనగర కాలపు శాసనం ఉంది. బుక్కరాయల కుమారుడు భాస్కర భవదూరుడు ఆ చెరువును తవ్వించినట్టు, వెయ్యిమంది కూలీలు, వంద బండ్లు రెండేళ్లు పనిచేసినట్టు అందులో ఉంది. అంతకంటే గొప్ప విషయం, మంచి చెరువుకు పన్నెండు అంగాలనూ, చెరువుకు రాగల ఆరు దోషాలనూ అది చెబుతుంది. కట్ట నుంచి నీరు ఊరడం, చవుడు నేల, నడుమ మెరక, విశాలమైన ఆయకట్టుకు కొద్ది నీరు, కొద్ది ఆయకట్టుకు విపరీతమైన నీరు అన్నవి ఐదు. ఆరో దోషం రెండు రాజ్యాల సరిహద్దులో ఉండడం. తుంగభద్ర జలాల కోసం రాష్ట్రాల మధ్య ఏటా జరిగే చర్చలను వార్తల్లో చూసినప్పుడల్లా నాకు ఆ ఆరో దోషం గుర్తుకు వస్తుంది.

తుంగభద్ర జలాశయం కట్టినప్పటి నిల్వ సామర్థ్యం సుమారు 133 టీఎంసీలు, పూడిక చేరి ఇప్పుడు సుమారు 105 టీఎంసీలు. అంటే ఎగువ పరీవాహకంలో కొట్టుకుపోయిన మట్టి మన అనంతపురం ఎగువ కాలువ నీటిలో కోతగా తేలుతోంది. మట్టి, నీరు, చెట్టు, పంట నాలుగు విభాగాలుగా విశ్వవిద్యాలయంలో వేరువేరు భవనాల్లో ఉంటాయి, నేల మీద వేరుగా ఉండవు. మీరు ఏ విభాగంలో చేరినా మిగిలిన మూడు భవనాల మెట్లు ఎక్కడం మానకండి. జియాలజీ విభాగంలో ఒక సెమిస్టరు వెనక బెంచీలో కూర్చొని వింటానని అడిగితే కాదనే మాస్టార్లు అరుదు.

పెన్నేటిగట్టు

మాస్టారు చెప్పిన దానికి ఒకటి జోడిస్తాను, ఇది నా వృత్తిలో నన్ను వేధించే విషయం. 2006 నాటి పర్యావరణ ప్రభావ అంచనా ప్రకటన ప్రకారం చాలా ప్రాజెక్టులకు వానాకాలం కాని ఒక్క సీజను వివరాలు సేకరిస్తే చాలు. మేము సాధారణంగా మార్చి నుంచి మే దాకా సేకరిస్తాం. ఆ నెలల్లో మన సీమ బీడు ఎలా ఉంటుందో మీకు తెలుసు. గడ్డి ఎండి, మొక్క మాడి, మట్టి తప్ప ఏమీ కనిపించదు. చెప్పుకోదగిన జీవజాతులు లేవని రాస్తే ఆ రోజుకు అది అబద్ధం కాదు. అదే నేల ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో నడుము ఎత్తు గడ్డితో, నేల మీద గుడ్లు పెట్టే పిట్టలతో నిండి ఉంటుంది. ఆ నెలల్లో మేము వెళ్లము. నా నివేదికల్లో నేను కూడా అలాగే రాశాను.

చెరువు మాస్టారు

మీరు నిజాయితీగా చెప్పారు కాబట్టి అసలు మాటకు వద్దాం. మన రెవెన్యూ రికార్డుల్లో ఇలాంటి నేలకు దొరికే పేరు బంజరు. మా పల్లెల్లో అదే నేలకు మేతబీడు, వంక పోరంబోకు, గుట్ట అంచు అని వేర్వేరు పేర్లు ఉన్నాయి, ఒక్కో పేరుకు ఒక్కో వాడకం ఉంది. గొర్రెల కాపరిని అడిగితే ఏ నెలలో ఏ బీడుకు పోతాడో చెబుతాడు. బంజరు అన్న ఒక్క మాట ఆ పేర్లన్నిటినీ తుడిచేసి, ఖాళీ స్థలం అన్న అర్థం ఇస్తుంది. ఖాళీ అన్నాక కొన్నిచోట్ల మొక్కలు నాటారు, కొన్నిచోట్ల సర్కారు తుమ్మ అల్లుకుపోయింది, కొన్నిచోట్ల సౌర ఫలకాలు వచ్చాయి. కర్నూలు దగ్గర గని, శకునాల ప్రాంతంలో 1000 మెగావాట్ల సౌర పార్కు ఉంది. సౌర విద్యుత్తు అవసరమే, బొగ్గు కంటే నయమే. అయితే ఫలకాల కిందికి వెళ్లిన నేల అంతకు ముందు ఎవరికి ఏమి ఇచ్చేదో నమోదు చేసి ఉంచడం సంరక్షణ విద్యార్థి పని.

ఎర్రమట్టి

దీనికి డబ్బు కూడా అక్కరలేదు. సెంటినెల్–2 ఉపగ్రహ చిత్రాలు 10 మీటర్ల స్పష్టతతో ఉచితంగా దొరుకుతాయి, క్యూజీఐఎస్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ మామూలు ల్యాప్‌టాపులో నడుస్తుంది. ఏప్రిల్ చిత్రం, సెప్టెంబరు చిత్రం పక్కపక్కన పెట్టి, మీ ఊరి బీళ్లకు ఊరివారు పిలిచే పేర్లు వేసి, ఒక్కోచోట గడ్డి జాతులు లెక్కించండి. గడ్డిని గుర్తుపట్టడం బోటనీలోనే కష్టమైన పని, దానికి భయపడి చాలామంది పూల మొక్కల దగ్గరే ఆగిపోతారు. అభయారణ్యం బయట, ఊరి ఉమ్మడి నేలలో అయితే 28వ సెక్షన్ అనుమతి అవసరం ఉండదు, పంచాయతీకి చెప్పి చేయడం మర్యాద.

కొత్తమొలక

క్షమించాలి, మధ్యలో ఒక ప్రశ్న. బోధన వైపు వెళ్లాలంటే ఏది మేలు?

పెన్నేటిగట్టు

యూజీసీ నెట్‌లో ఎన్విరాన్‌మెంటల్ సైన్సెస్ సబ్జెక్టు ఉంది, బోటనీ వారు సీఎస్‌ఐఆర్ నెట్‌లో లైఫ్ సైన్సెస్ రాస్తారు. డిగ్రీ కళాశాలల్లో బోటనీ పోస్టులు ఎక్కువ, మా సబ్జెక్టు పోస్టులు తక్కువ. నా కోర్సును నేను తక్కువ చేసి మాట్లాడవలసి రావడం బాధగానే ఉంది కానీ, నిజం అదే.

పొలంకాడ

అమ్మా జొన్నచేనూ, గడ్డి లెక్కించడం బాగుంది. జింకలను కూడా లెక్కించు. కృష్ణజింక మన రాష్ట్ర జంతువు, దాన్ని ముట్టుకుంటే జైలు, ఆ సంగతి మాకు తెలుసు, ముట్టుకోము. కానీ ఏ పంటను ఎక్కువ తింటుంది, ఏ వైపు నుంచి వస్తుంది, ఆముదం అంచు వేసిన చేనుకు వస్తుందా రాదా అన్నది ఎవరైనా మూడేళ్లు రాసిపెట్టి చూపిస్తే, అర్జీతో పాటు పెట్టడానికి మాకు ఒక కాగితం ఉంటుంది. చీకటి ఫొటో కంటే అది మేలు కదా.

నడక ఉద్యోగి

చాలా మేలు. శాఖ లోపలి నుంచి చెబుతున్నాను, నష్టం ఎక్కడ, ఎప్పుడు, ఎంత అన్నది వరుసగా రాసిన పుస్తకం ఉంటే పై అధికారి ముందు మేము కూడా ధైర్యంగా మాట్లాడగలం. ఆ పుస్తకాన్ని బాధిత రైతే రాస్తే అనుమానంగా చూస్తారు, శాఖ రాస్తే రైతు నమ్మడు. విశ్వవిద్యాలయపు విద్యార్థి రాస్తే ఇద్దరూ వింటారు.

జొన్నచేను

పది రోజుల తర్వాత రాస్తున్నాను. మొన్న అనంతపురం వెళ్లి విభాగం చూసి వచ్చాను. రెండో సంవత్సరం అక్కలు హెర్బేరియంలోని (ఎండబెట్టిన మొక్కలను భద్రపరిచే చోటు) గడ్డి నమూనాలు చూపించారు. వాటిలో మా వైపు నుంచి సేకరించినవి నాకు రెండే కనిపించాయి. వెబ్ ఆప్షన్లలో బోటనీ మొదట, కడప ఎన్విరాన్‌మెంటల్ సైన్స్ రెండవది పెట్టాలని నిర్ణయించుకున్నాను.

పొలంకాడ గారి మాట మా నాయనకు చదివి వినిపించాను. ఏమీ అనలేదు. మరుసటి రోజు గోడకు ఉన్న క్యాలెండరు దించి, పెన్సిలుతో పాటు చేనికి తీసుకుపోయారు. నిన్నటి తేదీ కింద ఇలా ఉంది: పదకొండు జింకలు, శనగ, వంక వైపు నుంచి, తెల్లవారుజామున మూడు.

చెరువు మాస్టారు

వెన్నెల రాత్రా, చీకటి రాత్రా అన్నది కూడా రాయించండి. క్యాలెండరులో తిథి ఉంటుంది కాబట్టి పాత తేదీలకు తర్వాతైనా చూసుకోవచ్చు, మబ్బు పట్టిందా లేదా అన్నది మాత్రం ఆ రాత్రే రాయాలి.

పొలంకాడ

మా చేను కాడ కూడా ఈ రోజు నుంచి రాస్తాము. క్యాలెండరులో గడి చిన్నది, నోటు పుస్తకం కొనుక్కొమ్మని మా అబ్బాయికి చెప్పాను.